పదమూడు కళ్ళు

మౌలాలి గుట్ట మెట్ల మీద, ఎండాకాలం, కరెంటు పోయిన రాత్రి
ఒకటి నన్ను చూసింది.
ఒకటి అనుకోవడం కూడా తర్వాతే.
అప్పటికి సంఖ్య లేదు.
రాళ్ళు పగటి వేడిని వదులుతున్నాయి.
కింద రైల్వే క్వార్టర్లలో ఎవరో విసనకర్ర ఆడిస్తున్నారు,
తాటాకు మంచంపట్టెకు తగిలి టప్ టప్ మంటోంది.
ఆ చప్పుడుకీ నాకూ మధ్య ఉన్న ఖాళీ అంతా
చూపే.

ఇంటికొచ్చి కొవ్వొత్తి ముందు కూర్చున్నాను.
మొదట "రెక్కలు" అని రాశాను.
అంతే, రెక్కలకు భుజాలు కావలసి వచ్చాయి,
భుజాలకు వీపు, వీపుకి వెన్ను.
వెన్నున్నది ఎక్కడో ఒకచోట కూలబడక తప్పదు గదా,
ఒక బండ వేశాను.
బండకి నీడ, నీడకి దిక్కు.
తెల్లారేసరికి, గుట్టని దాటి పొంగినది
మా వంటింటి పీట మీద
అద్దె బాకీ పడ్డవాడిలా ఒదిగి కూర్చుంది.

కొన్ని పంక్తులు కొట్టేశాను.
కొట్టేసిన గీత కూడా ఓ ఆకారమే.

పుస్తకానికి అట్టబొమ్మ కావాలన్నారు.
ఛత్తా బజారులో, పెళ్ళిపత్రికల ప్రెస్సుల వెనక సందులో
ముర్తుజా సాబ్ కట్టె బ్లాకులు చెక్కుతాడు.
కళ్ళద్దాల కాడ విరిగితే దారం కట్టుకున్నాడు.
నా కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని అడిగాడు:
"కండ్లు ఎన్ని?"
లెక్కలేనన్ని, అన్నాను.
"లెక్కలేనన్ని పట్టయి సాబ్. రెండున్నర ఇంచుల బ్లాకు.
మరీ సన్నగ చెక్కితే సిరా పూడుకపోతది.
పదమూడు పెడ్త."
పద్నాలుగు?
"పదమూడే."

ఆ రాత్రి నుంచి కళ్ళు మూస్తే పదమూడే.
ఒకటి ఎక్కువ రాదు.
కుడి రెక్క మీద నాలుగు, ఎడమ దాని మీద నాలుగు,
తక్కిన ఐదూ ఎక్కడ సర్దాడో అని
నా దర్శనాన్ని నేనే ఆడిట్ గుమాస్తాలా తిరగేస్తున్నాను.
గుట్ట మళ్ళీ ఎక్కాను, రెండుసార్లు.
రెండోసారి కరెంటు కూడా పోయింది, పాపం.
నేను మాత్రం చీకట్లో
నా పద్యంలోని బండ కోసం వెతుకుతున్నాను.

బ్లాకు తెచ్చుకోవడానికి పోయిన రోజు వాన.
సందులో మోకాలి లోతు నీళ్ళు,
వాటిలో ఎవరివో పెళ్ళి పిలుపులు తేలుతున్నాయి.
సాబ్ సిరా రాసి ఒక నమూనా తీశాడు.
ఉలి తగిలిన చోటల్లా తెలుపు,
తాకకుండా వదిలేసినదంతా నలుపు.
"ఇదేనా మీరు చూసింది?"
ఇదే, అన్నాను.
డబ్బులిచ్చేటప్పుడు మనిషి ఇంకేమంటాడు.

ఆయన ఉలి తుడుచుకుంటూ
"నేను చూసింది ఇది కాదు" అన్నాడు.

"మా నుజ్హత్ తెలుగు మీడియం. అది చదివింది, నేను విన్న.
సగం తెలుగు నాకు రాదు సాబ్.
ఆ రాని సగంలనే ఒకటి కనబడ్డది.
దానికి కండ్లు లేవు."
మరి అదే చెక్కకపోయారా?
ఆయన చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుని, తాగాడు.
"మీరు చెక్కించుకున్నరు గద.
మల్ల కనబడ్డదా?"

అరుగు మీద ఎక్కాలు రాసుకుంటున్న పిల్ల తలెత్తింది.
"విసనకర్ర చప్పుడు బాగుంది అంకుల్."
అది కొట్టేసిన పంక్తి.
గీత కింద నుంచి చదివింది.

అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాను.
పాత ఉర్దూ పేపర్లో చుట్టిన బ్లాకు ఒళ్ళో,
కొత్త సిరా చొక్కాకి అంటుకుంటోంది.
పక్క సీటు ముసలమ్మ చాలాసేపు చూసి
ఏంది బిడ్డా అది, అంది.

కట్టె, అన్నాను.